తోలు తొడుగులో పసుపు

పోయిన వారం నన్ను గ్యారేజీలో నిలబెట్టి మీరు పత్రిక మూసేశారు. హాయిగా భోంచేసి పడుకుని ఉంటారు. నేను మాత్రం ఇంకా అక్కడే ఉన్నాను. అజీజియాలో మా బాబా విల్లా వెనకాల, ల్యాండ్ క్రూజర్ తలుపు పట్టుకుని, బాబా కొడుకు తల్హా చేతిలోని ఖాళీ తోలు తొడుగు వైపు గుడ్లప్పగించి చూస్తున్నాను.

కొత్తగా వచ్చినవాళ్ళకు నాలుగు ముక్కల్లో చెప్తాను. నా పేరు నాగప్ప. మాది అనంతపురం జిల్లా, కళ్యాణదుర్గం పక్క పల్లె. ఖతర్‌లో హౌస్ డ్రైవర్‌గా చేరి పదకొండేళ్ళు. మా యజమానిని అందరిలాగే నేనూ బాబా అంటాను. సైన్యంలో చేసి రిటైరైన మనిషి, డెబ్బైకి దగ్గర పడ్డాడు. ఆయన దగ్గర అరచేతికంటే కాస్త పెద్దదైన పిస్తోలు ఒకటి ఉంది. దానికి అనుమతి కాగితం కూడా ఉంది. ఆయుధపూజ నాడు నేను బండికి పూజ చేస్తూ, నా ఖర్మ కాలి, ఆ పిస్తోలుకు కూడా పసుపు కుంకుమ పెట్టాను. ఆ తర్వాత తొమ్మిది రోజులకు, అంటే ఆ శుక్రవారం, తల్హా ఏవో కాగితాల కోసం బండిలో వెతుకుతుంటే తొడుగు దొరికింది. అందులో పిస్తోలు లేదు. లోపలి మెత్తటి గుడ్డకు పసుపు మరక మాత్రం ఉంది.

తల్హా ఆ మరకను వాసన చూశాడు. "ఇది వంటింటి వాసన," అన్నాడు. అక్కడే కదా మనం ఆగింది.

వంటింట్లో ఉండేది ఒక్కతే, ఆయేషా. రాయచోటి మనిషి. నాలుగేళ్ళుగా ఈ ఇంట్లో వండిపెడుతోంది. ఇంకో పన్నెండు రోజుల్లో సెలవు మీద ఊరికి పోవాలి. నాలుగేళ్ళలో మొదటి సెలవు. కూతురికి కొన్న వాచీని రోజుకోసారి డబ్బా తెరిచి నాకు చూపించేది. కూరగాయలు కొనడానికి వారానికి రెండుసార్లు నా బండిలోనే, వెనక సీట్లో కూర్చుని వస్తుంది. అంటే బండిలో చేయి పెట్టే అవకాశం ఉంది, వేళ్ళకు పసుపు ఉంది. తల్హాకు ఇంకేం కావాలి.

"రేపు సాయంత్రం అసర్ నమాజు తర్వాత అందరూ మజ్లిస్‌లోకి రావాలి," అని చెప్పి తొడుగు జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు.

ఆ మరక నాదని అప్పుడే చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. భయం. పచ్చిగా చెప్తున్నాను, భయపడ్డాను. పరాయి దేశంలో, పోయిన తుపాకీని ఆఖరున ముట్టుకున్నది నేనే అని నా నోటితో నేను ఎలా చెప్పుకునేది?

పిస్తోలుకు బొట్టు పెట్టేంత తెలివితక్కువవాడివా అని మీరు అనుకుంటున్నారు. అనుకోండి. మా నాయన లారీ మెకానిక్. ఆయుధపూజ నాడు మా షెడ్డులో పానా దగ్గర నుంచి జాకీ దాకా, అమ్మ కత్తిపీట, అక్క కత్తెర, ఇనుముతో చేసిన ప్రతి వస్తువుకూ బొట్టు పడాల్సిందే. ఒక్కటి వదిలేసినా నాయన ఊరుకునేవాడు కాదు. ఏడాది పొడుగునా అన్నం పెట్టేదాన్ని పండగ పూట పక్కన పెడతావా అనేవాడు. ఖతర్ వచ్చాక కూడా నేను ఏటా గ్యారేజీ తలుపు వేసుకుని, స్టీరింగుకు బొట్టు పెట్టి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించేవాణ్ణి. ఈసారి సీట్ల మధ్య పెట్టె తెరిస్తే, బాబా అందులోనే వదిలేసినట్టున్నాడు, అది కనబడింది. చేయి దానంతటదే పోయింది. తడి పసుపు పూసి, కుంకుమ పెట్టి, దణ్ణం పెట్టుకున్నాక గానీ నేను చేసిందేమిటో నాకు తెలియలేదు. గబగబా తుడిచి తొడుగులో దోపేశాను. తడి పూర్తిగా ఆరలేదు.

దానితో నాకు అంత చనువు ఎక్కడిదంటే, అదీ చెప్పాలి.

మూడేళ్ళ కిందట ఉమ్ సలాల్‌లోని తోట గురించి బాబాకూ ఆయన పెదనాన్న కొడుకుకూ గొడవ వచ్చింది. దాయాదుల గొడవ అంటే మా జిల్లావాడికి విడమరచి చెప్పక్కర్లేదు. ఎవరో ఫోన్ చేసి బెదిరించారు. బాబా కాగితాలు పెట్టి, ఆఫీసుల చుట్టూ తిరిగి, ఆ చిన్న పిస్తోలు తెచ్చుకున్నాడు.

సైన్యంలో పెద్ద తుపాకులు మోసిన మనిషి, ఈ చిన్నదానితో నానా తిప్పలు పడ్డాడు. మొదటి నెలంతా చేయి ఊరికే నడుము మీదికి పోయేది. ఆయన వేసుకునే తెల్లటి పలచటి పొడుగు చొక్కా, తోబ్ కింద దాని ఆకారం కనబడుతోందేమోనని అనుమానం. బండి దిగి నాలుగడుగులు నడిచి, "చూడు నాగప్పా, తెలుస్తోందా?" అని అటూ ఇటూ తిరిగేవాడు. తెలిసేది. ముషైరిబ్‌లో దర్జీ దగ్గరికి తీసుకెళ్ళి లోపల జేబు కుట్టించాను. ఆ బరువుకు తోబ్ ఒక పక్కకు లాగేసింది. మళ్ళీ వెళ్ళి రెండు పొరల గుడ్డ వేయించాం. ఎండాకాలంలో చెమటకు తోలు తడిసి వాసన కొట్టేది, ఇనుము మీద తుప్పు చుక్కలు లేచేవి. ప్రతి శుక్రవారం నూనె గుడ్డతో తుడుచుకునేవాడు. బండిలో కూర్చుంటే పక్కటెముకల్లో గుచ్చుకునేది.

"దుకాణంలో చేతిలో పట్టుకుంటే బరువే అనిపించలేదు," అన్నాడొకసారి, తన అరబ్బీ, హిందీ కలగలిపిన భాషలో. "మోస్తే తెలిసింది. ఇది లేనప్పుడు నేను బాగా నిద్రపోయేవాణ్ణి."

నమాజుకు మాత్రం దాన్ని లోపలికి తీసుకెళ్ళేవాడు కాదు. మసీదు ముందు బండి ఆగగానే తీసి సీట్ల మధ్య పెట్టెలో పెట్టి, "చూసుకో," అని దిగిపోయేవాడు. నేను తలుపులు లాక్ చేసుకుని, ఏసీలో కూర్చుని, ఆయన వచ్చేదాకా దానికి కాపలా. రోజుకు రెండుసార్లు, మూడుసార్లు. అలా మూడేళ్ళు. ఆయన మోసినంతసేపు ఆయనది, మిగతాసేపు నాది.

ఆ దాయాది పోయినేడు గుండెపోటుతో చనిపోయాడు. గొడవ కూడా ఆయనతోనే పోయింది. "ఇంక దీన్ని ఇచ్చేయండి బాబా," అన్నాను. "అలవాటైపోయింది," అన్నాడు. ఐదు నెలల కిందట మామా, అంటే బాబా భార్య, కన్నుమూసింది. అప్పటి నుంచి శుక్రవారం నూనె గుడ్డ కూడా ఆగిపోయింది. ఇక మొన్న బుధవారం నుంచి ఆయన అసలు ఇల్లే కదలలేదు. మోకాళ్ళ నొప్పి అన్నాడు. నమాజు కూడా ఇంట్లోనే.

శనివారం మధ్యాహ్నం ఉమ్ సలాల్ తోటలో పనిచేసే పోశన్నకు ఫోన్ చేశాను. జగిత్యాల వైపు మనిషి. ఎవరితోనన్నా చెప్పుకోకపోతే నా గుండె ఆగిపోయేటట్టుంది.

"నువ్వు సప్పుడు జేయకు అన్నా," అన్నాడు పోశన్న అంతా విని. "గది బాబా వస్తువు, గా కొడుకు లొల్లి. నడుమ నువ్వెందుకు? పోలీసోల్లు అస్తే ముందుగాల నిన్నే వట్టుకపోతరు."

"ఆయేషాను పట్టుకుపోతారు కదప్పా."

"ఆమె తీయలేదు గద. ఇడిసిపెడతరు తియ్యి."

"ఎప్పుడు ఇడిసిపెడతారు? పన్నెండు రోజుల్లో ఆ యమ్మ ఇంటికి పోవల్ల."

"నాకైతే సమజైతలేదే," అన్నాడు పోశన్న. మంచివాడు. అబద్ధం చెప్పి ధైర్యం నూరిపోయలేదు.

అసర్ అయ్యాక మజ్లిస్‌లోకి, అంటే అతిథులు కూర్చునే హాల్లోకి, వెళ్ళాను. గోడల వెంట పొడుగ్గా వేసిన పరుపుల మీద బాబా ఒక మూల కూర్చుని తస్బీ పూసలు తిప్పుకుంటున్నాడు. కళ్ళ కింద నల్లగా ఉంది. తల్హా నిలబడే ఉన్నాడు. మధ్యలో బల్ల మీద ఆ తొడుగు. ఆయేషా కాఫీ తెచ్చింది. కాఫీ బల్ల మీద పెట్టి వెనక్కి తిరగబోతుంటే తల్హా ఆపాడు.

"ఇక్కడే ఉండు."

తల్హాకు హిందీ బాగా వచ్చు. చిన్నప్పుడు డ్రైవర్ల దగ్గర నేర్చుకున్నదే. చెడ్డవాడేం కాదు. ఆ పిస్తోలు తండ్రి పేరు మీద ఉంది, దానితో ఎవరు ఏం చేసినా తండ్రి మెడకు చుట్టుకుంటుందని అతని భయం. రాత్రంతా నిద్రపోయినట్టు లేడు.

"పొద్దుగూకి మగ్రిబ్ నమాజు అయ్యేదాకా చూస్తాను," అన్నాడు. "అప్పటికి అది ఈ బల్ల మీదికి రాకపోతే పోలీసులకు ఫోన్ చేస్తాను. ఆ తర్వాత నా చేతిలో ఏమీ ఉండదు. ఆయేషా, చేతులు చూపించు."

ఆయేషా చూపించింది. పది గోళ్ళ అంచుల్లోనూ పసుపు.

"ఏంటిది?"

"నేను వంటమనిషిని సార్," అంది ఉర్దూలో. "పసుపు లేకుండా నా చేతులు ఎన్నడన్నా చూశారా?"

చాచిన చేతులు వెనక్కి తీసుకోవడం మరచిపోయింది. అలాగే పట్టుకుని నిలబడింది. వాటిని చూస్తుంటే నాకు నా మీద అసహ్యం వేసింది. ఆ చేతులతో నాలుగేళ్ళు నాకు అన్నం పెట్టింది. నాకు జ్వరమొస్తే ఆ చేతులతోనే మిరియాల చారు కాచి ఇచ్చింది. ఛీ, ఏం బతుకురా నీది నాగప్పా అనుకున్నాను.

"ఆ పసుపు నాది సార్," అన్నాను.

తల్హా నా వైపు తిరిగాడు. బాబా తలెత్తలేదు.

చెప్పాను. పండగ సంగతి, మా నాయన సంగతి, నిమ్మకాయలు, కుంకుమ, తుడవడం, అన్నీ. హిందీ తడబడింది. వింటున్న కొద్దీ తల్హా ముఖంలో రంగులు మారాయి.

"తుపాకీకి పూజ చేశావా?"

"అవును సార్."

"చేత్తో పట్టుకున్నావా? లోపల గుండ్లు ఉన్నాయో లేదో చూశావా?"

"చూడలేదు సార్. నాకు చూడడం రాదు."

"గొట్టం ఎటు ఉంది?"

ఆలోచించాను. దణ్ణం పెట్టుకునేటప్పుడు దాన్ని ఒళ్ళో ఎలా పెట్టుకున్నానో గుర్తు తెచ్చుకున్నాను. "నా వైపే ఉండింది సార్."

ఆయేషా నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. తల్హా నుదురు రుద్దుకున్నాడు. వేరే రోజైతే నవ్వేవాడేమో.

"సరే. తుడిచి పెట్టేశావు. పెట్టేశావని నేనెలా నమ్మాలి? పదకొండేళ్ళ నుంచి ఇంట్లో ఉన్నావు, నిన్న నేను వంటింటి వాసన అన్నప్పుడు పక్కనే నిలబడి నోరు మూసుకున్నావు. ఒకరోజు దాచినవాడివి ఇంకేం దాచావో నాకేం తెలుసు?"

అతను అన్నదాంట్లో తప్పు లేదు. ఆయేషా బయటపడింది, నేను ఇరుక్కున్నాను, అంతే కదా అనుకున్నాను. అలా అనుకుంటే కొంచెం తేలికగా కూడా అనిపించింది.

అప్పుడు బాబా మాట్లాడాడు.

"అతను పెట్టేశాడు. నాకు తెలుసు."

అందరం ఆయన వైపు చూశాం.

"ఆ రోజే మగ్రిబ్‌కు ముందు బయటికి తీశాను. నా బొటనవేలికి పసుపు అంటింది. వాసన చూశాను." కొంచెం ఆగాడు. "ఏటా ఒకరోజు నా టైర్ల కింద నిమ్మకాయలు ఉంటాయి. పదకొండేళ్ళ నుంచి చూస్తున్నాను. ఇతని పండగ అని తెలుసు. ఏమీ అనలేదు. మంచి మనసుతో చేశాడు."

నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నేను అంత రహస్యంగా తలుపులు వేసుకుని చేసుకున్న పూజ ఆయనకు మొదటి ఏడు నుంచీ తెలుసునన్నమాట.

కానీ తల్హా ముఖం ఇంకా బిగుసుకుంది. వచ్చి తండ్రి ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చున్నాడు. అరబ్బీలో అడిగాడు. ఈ ఇంట్లో ఇన్నేళ్ళకు నాకు ఆ మాత్రం అరబ్బీ అర్థమవుతుంది.

"తెలిస్తే నిన్న ఎందుకు చెప్పలేదు నాన్నా? ఇందాక నేను ఆమె చేతులు చూస్తున్నప్పుడు ఎందుకు చెప్పలేదు?"

బాబా తస్బీ తిప్పుతున్నాడు.

"ఆఖరిసారి దాన్ని ఎప్పుడు చూశావు?"

"గుర్తు లేదు."

అబద్ధం. ఆ మనిషికి బండి టైర్లు ఏ నెలలో మార్చామో గుర్తుంటుంది. నా కొడుకు పుట్టినరోజు నాకంటే ముందు ఆయనకు గుర్తుంటుంది. మూడేళ్ళు నడుముకు కట్టుకు తిరిగినదాన్ని ఎక్కడ వదిలాడో గుర్తు లేదంటే నేను నమ్మను. తల్హా కూడా నమ్మలేదు. కాసేపు తండ్రి ముఖంలోకి చూసి, లేచి, ఫోన్ తీశాడు.

"మగ్రిబ్ దాకా ఆగి లాభం లేదు," అని నంబరు నొక్కసాగాడు.

"న్నా," అంది ఆయేషా.

తెలుగులో పిలిచింది. బాబా ముందర ఆమె ఎప్పుడూ తెలుగు మాట్లాడదు.

"యాల చెప్పినావు న్నా నువ్వు? దాన్ని తీసింది నేనే."

నేను విన్నది నిజమేనా అని ఆమె ముఖంలోకి చూశాను. ఆమె నన్ను చూడడం లేదు. నేల చూపులు చూస్తూ, గొంతు పెంచకుండా, ఆపకుండా చెప్పుకుపోయింది.

"మొన్న బుధవారం మధ్యానం టీ తీసుకోని బాబా రూముకు పోయినా. తలుపు సగం తెరిచి ఉండె. మంచం మీద కూచోనుండాడు. ఒళ్ళో మామా దుపట్టా. చేతిలో అది. నేను వచ్చింది గూడా తెలీలే. ఏడుస్తాండాడు న్నా. ఎవరో పిలిస్తే పలికినట్ట జాయ్, జాయ్ అంటాండాడు. వస్తాండా, వస్తాండా అని. ఆ మాట నాకు తెలుసు కదా."

జాయ్ అన్న మాట దగ్గర బాబా చేతిలో తస్బీ ఆగిపోయింది.

"కావాలనే కప్పు కింద పడేసినా. ఉలిక్కిపడి, దాన్ని దిండు కింద పెట్టి, నమాజుకు ముందర కాళ్ళూ చేతులూ కడుక్కోని వజూ చేసుకునేకి లేచిపోయినాడు. నేను నా దుపట్టాలో చుట్టుకోని వచ్చేసినా. బియ్యం డబ్బాలో అడుగున ఉండాది. మూడు దినాల్నుంచి ఆ డబ్బా పక్కనే పండుకుంటాండా."

"ఎవరికైనా చెప్పాల కదమ్మా," అన్నాను.

"ఎవరికి చెప్పేది? తండ్రి గురించి ఆ మాట కొడుకు ముందర ఉర్దూలో చెప్పేకి నాకు నోరు రాదు. నువ్వే చెప్పు న్నా. లేదంటే దొంగదని చెప్పు, పోతా. దాన్ని మాత్రం మళ్ళా ఆయన చేతికి ఇయ్యొద్దని చెప్పు."

"ఏమంటోంది?" తల్హా అడిగాడు. అప్పటిదాకా ఆగిన నంబరు నొక్కేసి ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నాడు. "హిందీలో చెప్పమను."

ఆయేషా నా వైపు చూసింది.

"నాగప్పా, ఏమంటోంది?"

బియ్యం డబ్బాలో ఉందని ఒక్క ముక్క చెప్తే పిస్తోలు దొరుకుతుంది, ఆయేషా దొంగ అవుతుంది. ఎందుకు తీసిందో కూడా చెప్తే ఆమె బతికిపోతుంది. కానీ ఆ ముసలాయన ఐదు నెలలుగా ఎవరికీ కనబడకుండా మోస్తున్నదాన్ని ఆయన కొడుకు ముందు నేను విప్పి పెట్టాలి. ఏమీ చెప్పకపోతే? పిస్తోలు ఇవాళ కాకపోతే రేపు ఆయన చేతికే తిరిగి వస్తుంది. కాగితం ఆయన పేరు మీదే ఉంది కదా.

బాబా నా వైపే చూస్తున్నాడు. తల అడ్డంగా ఊపాడు, చాలా కొద్దిగా. పదకొండేళ్ళలో ఆయన నన్ను ఆజ్ఞాపించాడు, తిట్టాడు, జోకులు వేశాడు, ఎప్పుడూ బతిమాలలేదు. ఇప్పుడు బతిమాలుతున్నాడు. వద్దు అంటున్నాడు.

నాకు ఏడుపొచ్చింది. అయినా ఆయన మాట వినదలుచుకోలేదు.

"ముందు ఆ ఫోన్ కట్ చేయండి సార్," అన్నాను. "వచ్చి మీ నాన్న పక్కన కూర్చోండి. ఆయన చేయి పట్టుకోండి. అప్పుడు చెప్తాను."

తల్హా ఏదో గట్టిగా అనబోయి ఆగిపోయాడు. తండ్రి వైపు తిరిగాడు. బాబా రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు, భుజాలు కదులుతున్నాయి. తల్హా ఫోన్ కిందికి దించాడు గానీ కట్ చేయడం మరచిపోయాడు. అవతల ఎవరో ఎత్తారు. ఎక్కడి నుంచి, విషయం ఏమిటి అని అడుగుతూనే ఉన్నారు.